కయాక్ ముక్కు మీద కంపాస్

చెన్నైలో సముద్రం మీద తెడ్డు వేసేవాడికి కంపాస్ ఎందుకయ్యా, ఒడ్డు ఎప్పుడూ పడమరేగా అంటుంటారు. ఆకాశం తేటగా ఉన్న రోజున ఆ మాట నిజమే. కయాక్‌లో, అంటే తెడ్డుతో నడిపే సన్నటి పడవలో, కూర్చుంటే మన కళ్ళు నీటికి మీటరు ఎత్తులో కూడా ఉండవు, దిగంతం మూడు మూడున్నర కిలోమీటర్లకే అయిపోతుంది. అయినా ఒడ్డున ఎత్తైన బిల్డింగులు కనబడుతూ ఉంటాయి కాబట్టి బండి నడిచిపోతుంది. జనవరిలో పొగమంచు పట్టి, దానికి భోగి మంటల పొగ తోడైతే మాత్రం ఇక్కడ విమానాలకే ఆలస్యం తప్పదు, కయాక్ ఏపాటి! అలాంటి ఒక ఉదయం చెన్నై పక్కనున్న కోవళం దగ్గర ఒడ్డు మాయమైంది. ఫోన్ తీస్తే తడి కవరు, తడి వేళ్ళు, స్క్రీన్ ఎంత రుద్దినా కదల్లేదు. అలలు విరిగే చప్పుడు పట్టుకుని ఒడ్డుకొచ్చాను. బ్యాటరీ అక్కర్లేని వస్తువొకటి డెక్ (పడవ పైభాగం) మీద ఉండాల్సిందేనని ఆరోజే తేల్చుకున్నాను.

కయాక్ కంపాసులు ప్రధానంగా రెండు రకాలు. సిల్వా 58 లాంటివి తాళ్ళతో డెక్ మీద బిగించుకునేవి, వేరే పడవకీ మార్చుకోవచ్చు. రెండోది డెక్‌కే బోల్టులతో కూర్చునే రకం. సిల్వా 70పి కోసమైతే కొన్ని పడవల డెక్ మీద అచ్చుగా గుంట వదిలే ఉంటుంది. నాది సెకండ్ హ్యాండ్ ఫైబర్‌గ్లాస్ పడవ, గుంటా లేదు పాడూ లేదు. తాళ్ళ రకం చవక, సుఖం. కానీ కోవళంలో అల విరిగి ముందు డెక్ మీద పడితే తాడు ఎంత బిగించినా కాస్త పక్కకి జరుగుతుంది. ఐదు డిగ్రీలు తేడా వస్తే ఆరు కిలోమీటర్లు వెళ్ళేసరికి అర కిలోమీటరు పక్కన తేలతాం. అందుకే బోల్టుల రకం కొన్నాను.

కొనేముందు ఎవరూ చెప్పని సంగతి ఒకటుంది. భూమి అయస్కాంత శక్తి యూరప్‌లో ముల్లు ఉత్తరపు కొసని బాగా కిందికి లాగుతుంది, అందుకని అక్కడికోసం చేసే కంపాసుల్లో దక్షిణం వైపు కాస్త బరువు పెడతారు. అయస్కాంత మధ్యరేఖ మన దేశం దక్షిణపు కొస మీదుగా పోతుంది. 1963లో మొదటి రాకెట్‌కి తుంబాని ఎంచుకున్నదీ అందుకే. చెన్నై ఆ రేఖకి దగ్గర కాబట్టి ఇక్కడ కిందికి లాగుడు తక్కువ. యూరప్ కంపాస్ తెస్తే దక్షిణం వైపు వాలి, డయల్ గాజుకో అడుగుకో రాసుకునే ప్రమాదం ఉంది. మన ప్రాంతానికి బ్యాలెన్స్ చేసినదేనా అని విదేశీ అమ్మకందారుని అడిగితే మొదట అర్థం కాలేదు, తర్వాత చూసి చెప్పాడు. మనకి కలిసొచ్చేది కూడా ఉంది. ముల్లుని తిప్పే అడ్డపు బలం ఇక్కడ లండన్‌తో పోలిస్తే రెట్టింపు, డయల్ త్వరగా నిలకడకొస్తుంది. అసలు ఉత్తరానికీ అయస్కాంత ఉత్తరానికీ తేడా ఒకటి రెండు డిగ్రీలే, తెడ్డు వేసేవాడు దాన్ని మర్చిపోవచ్చు.

బోల్టుల కోసం చెన్నైలోని ప్యారీస్ కార్నర్‌ బజారుకి వెళ్ళాను, జేబులో చిన్న అయస్కాంతంతో. కౌంటర్ మీద పోసిన స్టీలు బోల్టుల్లో ఒక్కొక్కటీ పట్టి చూస్తుంటే షాపాయనకి చిర్రెత్తింది.

"ఏం సార్ అట్లా చూస్తుండారు? స్టీలే సార్, తుప్పు పట్టదు!"

"స్టీలేలే అన్నా, అయస్కాంతానికి అంటుకోని స్టీలు కావాల."

304 గ్రేడు బోల్టులు కొన్ని లేశంగా అంటుకున్నాయి. ఆ రకం తయారీలో నలిగేటప్పుడు కొంచెం అయస్కాంత గుణం తెచ్చుకుంటుంది. 316వి అసలు కదల్లేదు, ఉప్పునీటికీ అవే మేలు. ఆయన తల అడ్డంగా ఊపుతూనే పొట్లం కట్టిచ్చాడు.

ఎక్కడ పెట్టాలన్నదే అసలు తలనొప్పి. మోకాళ్ళ దగ్గర పెడితే మాటిమాటికీ తల వంచాలి, ఊగే పడవలో తల వంచితే కడుపులో తిప్పుతుంది. నలభై దాటిన కంటికి దగ్గరి అంకెలు ఆననే ఆనవు. ముందు హ్యాచ్ (సామాన్లు పెట్టే అర) అవతల పెడితే చూపు దిగంతం మీద నుంచి కొంచెం దింపితే చాలు. ఇబ్బందేమిటంటే, బోల్తాపడ్డ వాడి పడవని మన డెక్ మీదికి లాగి నీళ్ళు ఒంపేటప్పుడు దాని ముక్కు కంపాస్‌కి తగలొచ్చు. పడవని నాకు దగ్గరగా లాక్కుంటే సరిపోతుందనుకుని హ్యాచ్ అవతలే ఖాయం చేశాను.

మా బావమరిది సాయం వచ్చాడు. ముక్కు నుంచి వెనక కొస దాకా దారం లాగి కట్టి, కంపాస్ మీద గీత సరిగ్గా దారం కిందికి వచ్చేలా డబుల్ టేపుతో అంటించాం, రంధ్రాలు ఇంకా వెయ్యకుండానే. పడవని ఇసుకలోకి తీసుకెళ్ళి పరీక్ష పెట్టాం. అపార్ట్‌మెంట్ టెర్రస్ మీద ఈ పని జరగదు, శ్లాబ్ నిండా కమ్మీలే. వాడు పడవని ఎనిమిది దిక్కులకీ తిప్పుతుంటే, నేను దూరంగా వెనక నిలబడి చేతి కంపాస్‌తో పోల్చాను. తేడా అన్ని దిక్కుల్లోనూ ఒకటే అయితే కంపాస్ వంకరగా అంటించినట్టు. దిక్కుని బట్టి మారితే దగ్గర్లో ఇనుము ఉన్నట్టు. మాకు మారింది.

"హ్యాచ్‌లో ఏం పెట్టావ్‌రా?"

"టిఫిన్ క్యారియర్, బావా. అక్క ఇచ్చింది."

అది తీసేస్తే తేడా పోయింది. అప్పట్నుంచి పెరుగన్నం ప్లాస్టిక్ డబ్బాలో వెళ్తోంది, స్టవ్వూ కత్తీ వెనక హ్యాచ్‌లో.

డ్రిల్లు పనిలో భయం జెల్‌కోట్ (పడవ మీది గట్టి పూత) చిట్లుతుందనే. మాస్కింగ్ టేప్ వేసి, మొదట డ్రిల్లుని వెనక్కి తిప్పుతూ పై పొర గీరి, తర్వాత ముందుకి తిప్పితే రంధ్రం శుభ్రంగా వచ్చింది. డెక్ పలచన కాబట్టి అడుగున కూరగాయలు తరిగే పాత చెక్క, ప్లాస్టిక్‌ది, ముక్క కోసి పెట్టాం. కంపాస్ అంచుకి సీలెంట్, అడుగున పెద్ద వాషర్లు, వదులవని నైలాక్ నట్లు. బావమరిది భుజం దాకా చెయ్యి హ్యాచ్‌లోకి దూర్చి, చెంప డెక్‌కి ఆనించి, కళ్ళు మూసుకుని నట్టు ఎక్కించాడు. ఒకటి జారి ముక్కులోకి దొర్లిపోతే పడవని నిలువుగా ఎత్తి దులపాల్సి వచ్చింది.

మార్చి తర్వాత ఇక్కడ ప్రవాహం ఎక్కువగా ఉత్తరానికి లాగుతుంది. తిరిగొచ్చేటప్పుడు నేరుగా 270 డిగ్రీలు (పడమర) పట్టుకోకుండా 260 మీద వస్తున్నాను. బయల్దేరిన చోటికి దక్షిణంగా తేలినా పర్వాలేదు, ఒడ్డు కనబడగానే కుడికి తిరగాలని ముందే తెలుస్తుంది. ఇంటికొచ్చాక మంచినీళ్ళతో కడిగి గుడ్డ కప్పుతున్నా, ఎండకి లోపలి నూనెలో బుడగ రాకుండా.