తోకలో తులం, ముక్కులో మూడు తులాలు

ఎనిమిదో వంతు కొలతలో ఒక హాకర్ హరికేన్ యుద్ధవిమానాన్ని కర్ర కిట్టు నుండి కట్టి, రేడియోతో ఎగురవేయడానికి నాకు రెండు వానాకాలాలు, ఒకటిన్నర చలికాలం పట్టాయి. అంత కాలం ఎందుకు పట్టిందని అడిగినవారందరికీ ఒకే సమాధానం చెప్పాను: కట్టడానికి పట్టిన కాలం తక్కువ, తూచడానికి పట్టిన కాలం ఎక్కువ. ఆ తూకం సంగతే ఇక్కడ వివరంగా రాయాలనుకుంటున్నాను, ఎందుకంటే కిట్టుతో వచ్చిన ప్లానులో ప్రతి ముక్క పొడవు, వెడల్పు, మందం ఉన్నాయి గాని బరువు మాత్రం ఎక్కడా లేదు.

మేముండేది ఒడిశాలోని కొరాపుట్ జిల్లా సెమిలిగుడలో. పక్కనే సునాబెడ. సోవియట్ సహకారంతో మిగ్-21 విమానాల ఇంజన్లు తయారుచేయడానికి 1964లో హిందుస్థాన్ ఏరోనాటిక్స్ సంస్థ కొరాపుట్ విభాగాన్ని నెలకొల్పింది అక్కడే. విజయనగరం, శ్రీకాకుళం వైపు నుండి ఘాట్ ఎక్కివచ్చి ఆ కర్మాగారంలో చేరిన తెలుగు కుటుంబాలలో మాదీ ఒకటి. నాన్నగారు 1970లో లేతు పనిలో చేరి, పదవీ విరమణ చేసేవరకు అక్కడే పనిచేశారు. కొలతలో వెంట్రుకవాసి తేడా వచ్చినా ముక్కను పక్కన పెట్టేయడం ఆయనకు అలవాటైపోయింది. ఆ అలవాటు ఈ విమానానికి ఎంత పనికివచ్చిందో ముందుముందు చెబుతాను.

ఇంజన్ల ఊళ్ళో పుట్టినవాడివి, మిగ్ కట్టక హరికేన్ ఎందుకని చాలామంది అడిగారు. మిగ్-21 ఒక లోహపు గొట్టానికి పలుచని త్రికోణపు రెక్కలు తగిలించినట్టుంటుంది, కర్ర ముక్కలతో కట్టుకుంటూ పోయే పద్ధతికి అంత సహజంగా ఒదగదు. హరికేన్ సంగతి వేరు. సిడ్నీ కామ్ రూపకల్పనలో 1935 నవంబరు 6న తొలిసారి ఎగిరిన ఈ విమానపు వెనుక సగంలో, లోపలి ఉక్కు గొట్టాల చట్రం మీద ఆకారమిచ్చే అడ్డు చట్రాలైన కర్ర ఫార్మర్లు, వాటి మీద పొడవాటి సన్నని కర్ర పట్టీలైన స్ట్రింగర్లు, ఆ పైన బిగించిన గుడ్డ ఉంటాయి. అంటే బాల్సా అనే తేలికైన కర్రతో ఆ భాగాన్ని కడుతున్నప్పుడు మనం అసలు విమానాన్ని కట్టిన పద్ధతినే చాలావరకు అనుసరిస్తున్నాం. గుడ్డ కింద వరుసగా కనిపించే స్ట్రింగర్ల గీతలు బొమ్మలో ఎంత అందంగా ఉంటాయో అసలులోనూ అంత అందంగా ఉంటాయి. మరో కారణం మన చరిత్రకు చెందినది. 1944లో ఇంఫాల్ పోరులో అర్జన్ సింగ్ నాయకత్వంలోని ఒకటవ స్క్వాడ్రన్ నడిపినవి హరికేన్లే. మన వైమానికదళం తొలి తరం ఏ విమానంలో కూర్చుని యుద్ధం చేసిందో ఆ విమానాన్నే నా చేతులతో కట్టాలని చిన్ననాటి నుండి కోరిక.

ఇక అసలు విషయం. నిజమైన హరికేన్ రెక్కల వెడల్పు 40 అడుగులు, ఎనిమిదో వంతు అయితే 5 అడుగులు. పొడవును ఎనిమిదితో భాగిస్తే సరిపోతుంది గాని, పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ తగ్గుతాయి గనుక బరువును మూడుసార్లు ఎనిమిదితో, అంటే 512తో భాగించాలి. హరికేన్ ముక్కులో ఉండే రోల్స్ రాయిస్ మెర్లిన్ ఇంజన్ బరువు సుమారు 650 కిలోలు. దాన్ని 512తో భాగిస్తే కిలోంబావుకు పైగా వస్తుంది. నేను అమర్చిన విద్యుత్ మోటారు బరువు 270 గ్రాములు మాత్రమే. అంటే అసలు విమానంలో ముక్కుకు ఉన్న బరువులో ఐదో వంతుకు కొంచెం పైగా మాత్రమే నా ముక్కుకు ఉంది, కాని తోక అసలు విమానంలోలాగే వెనక్కి సాగి ఉంది. అసలే పొట్టి ముక్కు విమానం, అందులోనూ ముక్కు ఇంత తేలిక. ఇలాంటి విమానాన్ని సమతూకంలో నిలపాలంటే రెండే దారులు: ముక్కులో సీసం పోయడం, లేదా తోకను పక్షి ఈకలా తేలిక చేయడం. మొదటి దారి సులువు, కాని సీసం ఒక్క గ్రాము కూడా విమానాన్ని ఎగరనివ్వడానికి సాయపడదు.

ఆ లెక్కను నేను కాగితం మీద ఇలా వేసుకున్నాను. నా ప్లానులో తోకరెక్క బరువుకేంద్రానికి 75 సెంటీమీటర్ల వెనుక ఉంది, బ్యాటరీ 22 సెంటీమీటర్ల ముందు ఉంది. త్రాసుకాడ మీద దూరంగా ఉన్న చిన్న గుండు దగ్గరగా ఉన్న పెద్ద బరువును ఎత్తినట్టే, తోకలో పెరిగిన ప్రతి 10 గ్రాములకు ముక్కులో 34 గ్రాములు పెట్టాలి. తోకలో తులం పెరిగితే ముక్కులో మూడు తులాలకు పైగా కట్టాలన్నమాట. ఈ ఒక్క వాక్యం గోడ మీద రాసి పెట్టుకుని పనిచేశాను.

బాల్సా చూడడానికి అంతా ఒకలాగే ఉంటుంది, తూచితే గాని దాని గుణం తెలియదు. ఒకే చెట్టు జాతి అయినా, ఒక ఘనమీటరు కర్ర వంద కిలోలు తూగవచ్చు, రెండు వందల యాభై కూడా తూగవచ్చు. మూడు అడుగుల పొడవు, మూడు అంగుళాల వెడల్పు, అంగుళంలో పదహారో వంతు మందం ఉన్న రేకు తేలిక కర్రలో 11 గ్రాములు, బరువైన కర్రలో 27 గ్రాములు ఉంటుంది. మా వీధి చివర నగలు చేసే ఆచారిగారి వద్ద నుండి పాత ఎలక్ట్రానిక్ త్రాసు ఒకటి కొని, కిట్టులోని ప్రతి రేకునూ తూచి, బరువును పెన్సిలుతో మూలన రాశాను. తేలికైనవన్నీ తోకకు, రెక్కల చివరలకు కేటాయించాను. బరువైనవి రెక్క మధ్యభాగానికి, ల్యాండింగ్ గేరు ఉండే చోటికి వెళ్ళాయి. కర్ర పోగు దిశ కూడా చూడాలి. చారలు పొడవుగా సాగిన రేకు సులభంగా వంగుతుంది గనుక రెక్క మీద వంపుగా పరిచే పైకప్పుకు పనికివస్తుంది. చేప పొలుసుల్లా మచ్చలు మెరిసే రేకు వంగదు గనుక రెక్కకు ఆకారమిచ్చే అడ్డుముక్కలకు, అంటే రిబ్బులకు అదే సరైనది. లేజరుతో కత్తిరించి వచ్చిన రిబ్బులలో నాలుగు వంగే కర్రవి వచ్చాయి. వాటిని పక్కన పెట్టి, సరైన రేకు నుండి నేనే మళ్ళీ కోసుకున్నాను.

ఇంత జాగ్రత్తపడ్డా మొదటి తోకరెక్కను పాడుచేశాను. కట్టిన రోజున అది బలంగా, నున్నగా, ముచ్చటగా ఉంది. ఎక్కడ సందు కనిపించినా ఎపాక్సీ జిగురు నింపాను, మూలలన్నిటికీ ప్లైవుడ్ ముక్కలు అతికించాను. నాన్నగారు దాన్ని చేతిలోకి తీసుకుని కొద్దిసేపు అటూ ఇటూ తిప్పి, త్రాసు మీద పెట్టారు. ముక్కును పైకీ కిందికీ తిప్పే వెనుక అంచు, అంటే ఎలివేటరుతో కలిపి 62 గ్రాములు.

“బలం ఎక్కడ కావాలో అక్కడ పెట్టావా, భయం ఉన్న చోటల్లా పెట్టావా?” అని అడిగారు.

“నేల తగిలితే విరుగుతుందేమోనని, నాన్నగారూ.”

“నేల తగలకుండా ఎగిరేలా కట్టరా, అబ్బాయి.”

రెండోసారి కట్టినప్పుడు సందులను జిగురుతో నింపడం మానేసి, ముక్కలను ఉప్పుకాగితం మీద రుద్ది ఒకదానికొకటి ఆనేవరకు సరిచేశాను. బిగువుగా ఆనిన అతుకుకు నీళ్ళలా పలుచని సయనోఅక్రిలేట్ జిగురు రెండు చుక్కలు చాలు. లోపలి ముక్కలకు వీలైన చోటల్లా గుండ్రని రంధ్రాలు వేశాను. కొత్త తోకరెక్క 41 గ్రాములు వచ్చింది. తగ్గింది 21 గ్రాములే, కాని ముక్కులో దానివల్ల మిగిలింది 70 గ్రాములు. పాతదాన్ని పారేయలేదు, పని చేసే బల్ల మీది గోడకు తగిలించాను.

రెక్క కట్టేటప్పుడు బరువుకంటే వంకర గురించి ఎక్కువ ఆలోచించాలి. హరికేన్ రెక్కలో మధ్యభాగం సమతలంగా ఉండి, అక్కడి నుండి రెండు వైపులా పైకి లేస్తుంది. ఆ రెండు భాగాలనూ బల్ల మీద విడివిడిగా కట్టాలి. యుద్ధవిమానాల రెక్కలు చివరికి సన్నబడతాయి గనుక, వేగం తగ్గినప్పుడు రెక్కమొన వద్ద గాలి ముందుగా విడిపోయి, విమానం ఒక పక్కకు తిరగబడే ప్రమాదం ఉంది. మొన వద్ద రెక్కను కొద్దిగా కిందికి మెలితిప్పి కడితే, మొదలు భాగం ముందుగా పట్టు కోల్పోతుంది, మొన అప్పటికీ గాలిని పట్టుకునే ఉంటుంది, విమానాన్ని పక్కలకు వాల్చే ఐలెరాన్లు పనిచేస్తూనే ఉంటాయి. దీన్ని వాషవుట్ అంటారు. మొన వెడల్పు 15 సెంటీమీటర్లు, మెలిక రెండు డిగ్రీలు అనుకుంటే, వెనుక అంచు కింద 5 మిల్లీమీటర్ల పట్టీ పెట్టాలి. ఆ పట్టీలు కుడి ఎడమలకు వేరువేరుగా కోస్తే తేడా వస్తుందని నాన్నగారు ఒకే పట్టీని రెండుగా కోయించి, రెంటినీ తన పాత వెర్నియరు కొలబద్దతో కొలిచారు. పైకప్పు రేకులు అతికించి జిగురు పూర్తిగా ఆరేవరకు రెక్కను బల్ల మీది గుండుసూదుల నుండి తీయకూడదు. పైకప్పు పడ్డాక రెక్క పెట్టెలా బిగుసుకుంటుంది, అప్పుడు ఏ వంకర ఉంటే ఆ వంకరే శాశ్వతం.

మా కొండల మీద వానాకాలం కర్రపనికి మంచిది కాదు. ఆషాఢం నుండి కార్తికం దాకా పొగమంచూ ముసురూ ఇంట్లోకి వస్తాయి, బాల్సా ఆ తేమను పీల్చి ఉబ్బుతుంది, ఉబ్బిన కర్రతో అతికించిన పైకప్పు చలికాలంలో ఎండి కుంచించుకుని రిబ్బుల మధ్య గుంటలు పడుతుంది. మొదటి వానాకాలంలో ఎడమ రెక్క మీద ఆ గుంటలు చూసి చాలా బాధపడ్డాను. రెండో వానాకాలంలో పైకప్పు పనులేవీ పెట్టుకోలేదు. కదిలే అంచులను తిప్పే చిన్న మోటార్లైన సర్వోల తీగలు, వాటిని ఆ అంచులకు కలిపే పుష్‌రాడ్లు, పైలట్ గది లోపలి పనులు మాత్రమే చేసుకున్నాను. బాల్సా రేకులను బియ్యపు డబ్బాలాంటి మూత బిగుసుకునే పెట్టెలో దాచాను.

స్ట్రింగర్ల పని గురించి ఎక్కువ రాయను. అది ఓపిక పని, చేతులు దానంతట అవే నేర్చుకుంటాయి. ఎడమ వైపు ఒకటి అతికిస్తే వెంటనే కుడి వైపు దాని జతను అతికించాలి, లేకపోతే శరీరం అరటికాయలా వంగుతుంది.

ఇస్త్రీపెట్టెతో బిగిసే గుడ్డను కప్పి, పైన ముదురు పచ్చ, మట్టి రంగుల మచ్చలు వేశాను. గుర్తుల విషయంలో మాత్రం రాజీపడలేదు. బర్మా రంగంలో జపాన్ విమానాల ఎర్రని గుండ్రంతో పొరపడకుండా, మన వైపు విమానాల వృత్తాల నుండి ఎరుపును తీసేశారు. నేనూ నీలం, లేత నీలం మాత్రమే వాడాను. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం మీద బాంబులు వేసినవి ఆ ఎర్ర గుండ్రాల విమానాలే. ఆనాడు ఊరు ఖాళీ చేసి పల్లెలకు పోయినవారి కథలు మా నాయనమ్మ చెప్పగా విన్నవాణ్ణి, నా విమానం మీద ఎరుపు ఉండడం మనసొప్పలేదు.

అన్నీ బిగించాక సమతూకం చూశాను. రెక్క శరీరానికి కింది వైపున ఉండే విమానం గనుక దాన్ని తలకిందులుగా పట్టుకుని, ముందంచు నుండి 80 మిల్లీమీటర్ల వద్ద వేలికొనల మీద నిలబెట్టాలి. తోక దిగింది. టైర్ల దుకాణంలో చక్రాల తూకానికి అతికించే సీసపు బిళ్ళలు కొని తెచ్చి, మోటారు చుట్టూ ఒక్కొక్కటిగా పెడుతూ పోయాను. 90 గ్రాముల దగ్గర విమానం నిలిచింది. పాత తోకరెక్కే ఉండి ఉంటే అది 160 దాటేది. మొత్తం బరువు 2,640 గ్రాములు.

సముద్రతీరానికి దగ్గరలోని బరంపురంలో ఎగిరే విమానానికి, దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉన్న మా ఊళ్ళో ఎగిరే విమానానికి తేడా ఉంది. ఇక్కడి గాలి సుమారు పదో వంతు పలచన. అదే బరువును మోయడానికి రెక్క ఐదు శాతం ఎక్కువ వేగంతో పోవాలి, ప్రొపెల్లరు లాగుడూ కొంత తగ్గుతుంది. కనుక మాకు ప్రతి గ్రామూ మైదానప్రాంతం వారికంటే ఎక్కువ విలువైనది. ప్లానులో సూచించిన 13 అంగుళాల ప్రొపెల్లరు తీసి 14 అంగుళాలది పెట్టాను, మోటారు ఎంత కరెంటు తీసుకుంటుందో కొలిచి చూసిన తరువాతే.

కర్మాగారానికి, జయపురం విమానాశ్రయానికి దూరంగా, డ్రోన్లు ఎక్కడ ఎగరవేయవచ్చో చూపే ప్రభుత్వ డిజిటల్ స్కై పటంలో అనుమతి ఉన్న ప్రాంతమో కాదో చూసుకుని, పొట్టంగి వైపు ఒక బీడు నేలను యజమాని అనుమతితో ఎంచుకున్నాము. మాఘమాసపు ఉదయం, గాలి లేదు, దూరంగా దేవమాలి కొండ మీద ఎండ పడుతోంది. మేకలు కాచుకుంటున్న కుర్రవాడొకడు దగ్గరికి వచ్చి, “మౌసా, ఉడాజాహాజ ఉడిబ కి?” అని అడిగాడు. ఎగురుతుందనే అన్నాను, గొంతు మాత్రం వణికింది.

యాంటెన్నా పరీక్ష అయ్యాక త్రాటిల్ మెల్లగా పెంచాను. హరికేన్ చక్రాలు ఎడంగా ఉంటాయి గనుక గరుకు నేల మీద కూడా ఊగకుండా పరుగెత్తింది. ఎడమకు లాగుతుంటే తోకలోని చుక్కానిని, అంటే రడ్డరును కుడికి పట్టి ఉంచాను. తోక లేచింది, ఇంకో పది గజాలు పోనిచ్చాను, అప్పుడు ఎలివేటరు కొద్దిగా లాగితే నేలను వదిలింది. మూడు చుట్లు తిప్పాక, ఎత్తులో వేగం తగ్గించి చూశాను. ముక్కు నిదానంగా దిగింది, రెక్క ఏ పక్కకూ పడలేదు. 5 మిల్లీమీటర్ల పట్టీ పెట్టిన రోజు గుర్తుకువచ్చింది.

దిగాక నాన్నగారు అడిగిన మొదటి మాట విమానం తనంతట సమంగా పోయేలా ఎలివేటరును సర్దే ట్రిమ్ము ఎన్ని మెట్లు కదిలించావని. కిందికి రెండు అన్నాను. ఆయన జేబులోంచి పెన్సిలు తీసి ప్లాను మూలన ఆ సంఖ్య రాసి, దాని పక్కనే “ముక్కు 10 గ్రా. ఎక్కువ పట్టగలదు, వచ్చేసారి బ్యాటరీని 5 మి.మీ. ముందుకు జరిపి చూడాలి” అని రాసుకున్నారు.