మేస్టారు లేని గిరి ప్రదక్షిణ

ఆషాఢ శుద్ధ చతుర్దశి సాయంత్రం తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి జనంలో పడ్డాను. సింహాచలం కొండ చుట్టూ 32 కిలోమీటర్లు. ఏటా నా పక్కన నడిచే జియాలజీ మేస్టారు మొన్న మాఘంలో పోయారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో నాది చరిత్ర శాఖ. గుడి గోడల మీది శాసనాలు నావి, ఆ గోడల రాయి ఆయనది. 1516లో కృష్ణదేవరాయలు ఇక్కడికొచ్చి వేయించిన శాసనం గురించి నేను మొదలెడితే, "మా లెక్కలో అది ఇవాళ పొద్దున్నదండీ" అని ఏడిపించేవారు.

అడవివరం దాటి ముడసర్లోవ దారిలోకి రాగానే ఆయన నడక నెమ్మదించేది. రోడ్డు కోసం తొలిచిన చోట తుప్పు రంగులో కొండరాయి బయటపడి ఉంటుంది. ఖోండలైట్. ఆయన చొక్కా జేబులో కుంకుమ పొట్లం పక్కనే భూతద్దం ఉండేది. దారిన పోయేవాళ్లని ఆపి మరీ చూపించేవారు. "ఇది ఒకప్పుడు నీళ్లడుగున పేరుకున్న బంకమన్నమ్మా. భూమి లోపలికి దిగి, ఆ వేడికీ ఒత్తిడికీ ఇలా మారింది. ఈ ఎర్రచుక్కలు గార్నెట్లు." ఒక ముసలావిడ అద్దంలోంచి చూసి రాయికి దణ్ణం పెట్టింది, తర్వాత ఆయనకీ పెట్టింది. ఎప్పుడూ తడబడని మనిషి అప్పుడు కంగారుపడ్డారు.

అప్పుఘర్ దగ్గర సముద్రస్నానం చేసి తడిబట్టలతోనే ఇసుక దోసిట్లోకి తీసేవారు. అందులోనూ అవే ఎర్రరేణువులు. "కొండ అరిగి ఇక్కడికొచ్చింది. అప్పన్న మనకంటే ముందే స్నానానికి దిగాడండీ!" ఈసారి నేనూ ఇసుక తీశాను. చీకట్లో ఏం కనపడుతుంది? టార్చి తెచ్చేది ఆయనే కదా.

వెంకోజీపాలెం, సీతమ్మధార, కైలాసపురం మామూలే. పులిహోర, మజ్జిగ, మైకుల హోరు.

మాధవధార దగ్గర కూర్చున్నాను. ఆయనకి ఫోన్లు మొదలయ్యేది ఇక్కడే. తెల్లారితే ఆషాఢ పౌర్ణమి, అప్పన్నకి ఆ యేటి చివరి విడత చందనం పూసే రోజు. వ్యాసపూర్ణిమ కూడా అదే. అస్సాం చమురుబావుల నుంచి, సింగరేణి నుంచి పాత విద్యార్థులు చేసేవారు. ఫీల్డు ట్రిప్పులో ఎవరికి జ్వరమొచ్చిందో, ఎవరు బస్సు తప్పిపోయారో అన్నీ ఆయనకి గుర్తే. ఆ ట్రిప్పులకి డబ్బు కట్టలేని పిల్లల పేర్ల ఎదురుగా ఆయన జాబితాలో "కట్టారు" అని ముందే రాసి ఉండేది. ఎవరు కట్టారని శాఖలో ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు.

తెల్లవారుజామున నా ఫోన్ మోగింది. సింగరేణి కుర్రాడు.

"ఎక్కడిదాకా వచ్చారు సార్?"

"గోపాలపట్నం."

"ఇంకా గోపాలపట్నమేనా! మా సారైతే ఈపాటికి గోశాల దాటేసేవారు."

రాయి కనపడ్డ ప్రతిచోటా ఆగే మనిషి గోశాల ఎలా దాటతాడయ్యా అని వాదనకి దిగాను. వాడూ తగ్గలేదు. ఫోన్ పెట్టేసరికి ప్రహ్లాదపురం వచ్చేసింది.