నెబ్బియోలో నోటుపుస్తకం: ఈ చలికాలం రాసుకున్నవి

ఈ చలికాలం అంతా నెబ్బియోలో అనే ఒక్క వైన్ ద్రాక్షనే పట్టుకుని ఉండాలని నిర్ణయించుకున్నాను. ట్యూరిన్‌లో ఉంటున్నాను కాబట్టి నెబ్బియోలో పండే లాంగే కొండలకు ఉదయం రైలెక్కితే సాయంత్రానికి తిరిగి రావచ్చు. వాయవ్య ఇటలీలో, పీడ్‌మాంట్ ప్రాంతంలో, ఆల్బా పట్టణం చుట్టూ ఉన్నాయి ఈ కొండలు. బరోలో, బార్బరెస్కో అనే రెండు పేరున్న వైన్లూ ఇక్కడివే. రెండింటిలోనూ ఈ ద్రాక్ష తప్ప మరొకటి కలపకూడదు.

అక్టోబరు

లా మొర్రా ఊరు కొండ మీద ఉంటుంది. అక్కడ నిలబడి చూస్తే కింద వాలులన్నీ ద్రాక్షతోటలే. దోల్చెట్టో అనే మరో ద్రాక్ష కోత ఎప్పుడో ముగిసింది, నెబ్బియోలో గుత్తులు ఇంకా తీగల మీదే ఉన్నాయి. ఇది ముందే చిగురిస్తుంది, అన్నిటికన్నా ఆలస్యంగా పండుతుంది. వసంతంలో మంచు భయం, కోత వేళ వాన భయం రెండూ దీనికే. అందుకే ఎండ బాగా తగిలే దక్షిణపు వాలులు దీనికి ఇచ్చి, మిగిలిన చోట్ల బార్బెరా, దోల్చెట్టో వేస్తారు. బరోలో ఊరి కోటలో ప్రాంతీయ వైన్ల కేంద్రం ఉంది. అక్కడ గ్లాసు లెక్కన రుచి చూడవచ్చు కాబట్టి, కొత్తవారు సీసా కొనేముందు అక్కడికి వెళ్లడం మంచిది.

నవంబరు

మొదలుపెట్టింది లాంగే నెబ్బియోలో అనే వైన్‌తో. బరోలో ధరలో సగానికే, ఒక్కోసారి ఇంకా తక్కువకే వస్తుంది. పద్ధతి ఇది: కడుపు వెడల్పుగా, మూతి ఇరుకుగా ఉన్న పెద్ద గ్లాసు, అందులో మూడో వంతుకు మించకుండా వైన్. వేడి 17, 18 డిగ్రీల దగ్గర ఉండాలి. హీటర్లు వేసిన ఇంట్లో అది కుదరదు కనుక సీసాను ముప్పావు గంట ఫ్రిజ్‌లో పెడుతున్నాను. అంతకన్నా చల్లబడితే వగరు గట్టిపడుతుంది, వేడెక్కితే ఆల్కహాల్ ఘాటు ముక్కుకు కొడుతుంది.

తెల్ల కాగితం మీద గ్లాసు వంచి చూస్తే వైన్‌లోంచి కింది అక్షరాలు చదవవచ్చు. అంత పల్చటి రంగు. అంచున అప్పుడే ఇటుక ఛాయ. రంగు చూసి తేలికైనదని తాగితే మాత్రం చిగుళ్లు పట్టేస్తాయి. మా ఆవిడ ఒక్క గుక్క తాగి, "వక్క నమిలినట్టుంది, దీనికా ఇంత డబ్బు పోశారు?" అంది. ఈ ద్రాక్షలో రంగునిచ్చే పదార్థాలు తక్కువ, ఉన్నవి కూడా త్వరగా ఆక్సీకరణం చెందే రకం. వగరునిచ్చే టానిన్లు మాత్రం తొక్కలోనూ గింజలోనూ పుష్కలంగా ఉంటాయి. అవి లాలాజలంలోని ప్రోటీన్లను పట్టుకోవడం వల్లే నోరు ఆరిపోతుంది.

ఒకే సీసాను మూడు సాయంత్రాలు తాగి చూడడం నాకు బాగా పనికొచ్చింది. తెరవగానే సగం వైన్‌ను 375 మిల్లీలీటర్ల శుభ్రమైన సీసాలోకి అంచుదాకా నింపి, బిరడా బిగించి ఫ్రిజ్‌లో పెడతాను. మిగతా సగం అసలు సీసాలోనే గాలితో ఉంటుంది. మొదటి సాయంత్రం పుల్లటి చెర్రీ, వగరు, అంతే. మర్నాడు గాలి తగిలిన సగంలో గులాబీ వాసన స్పష్టంగా విచ్చుకుంది. మూడో రోజు అతిమధురం, తారు, ఎండుటాకులు. చిన్న సీసాలోది అప్పటికీ ముడుచుకునే ఉంది. ఇక మొదటి గుక్కకే ఈ వైన్‌కు మార్కులు వేయడం మానేశాను.

డిసెంబరు

బరోలోకు వచ్చాను. చట్టప్రకారం ఇది కనీసం 38 నెలలు నిల్వ ఉండాలి, అందులో 18 నెలలు చెక్క పీపాల్లో. బార్బరెస్కోకు 26 నెలలు చాలు. బరోలో పేరు పెట్టుకునే హక్కు 11 ఊళ్లకే ఉంది, ఆ ఊళ్లలోనూ నేల ఒకటి కాదు. లా మొర్రా సీసా, సెర్రలుంగా సీసా, రెండూ 2019వి, పక్కపక్కన పెట్టాను. లా మొర్రాది ముందుగానే సువాసన ఇచ్చింది, మెత్తగా ఉంది. సెర్రలుంగాది డికాంటర్‌లో, అంటే గాలి తగలడానికి వైన్ పోసి ఉంచే పాత్రలో, రెండు గంటలు ఉన్నా బిగువు వదల్లేదు. సెర్రలుంగా ఉన్న తూర్పు వైపు నేల ఇంకా పాతది, గట్టిది అంటారు. నాకు నచ్చింది సెర్రలుంగాదే. ఇంకో సీసా కొని అడ్డంగా పడుకోబెట్టాను. పాతబడిన సీసాను తెరిచే ముందురోజు నిలబెట్టాలి, లేకపోతే మడ్డి గ్లాసులోకి వస్తుంది.

పీపాల గురించి ఇక్కడ పెద్ద తగాదాయే నడిచింది. పాత పద్ధతివారు వారాల తరబడి తొక్కలతో నానబెట్టి, పెద్ద పీపాల్లో ఏళ్లు ఉంచేవారు. 1980ల నుంచి కొందరు నానబెట్టే కాలం తగ్గించి, 225 లీటర్ల చిన్న ఫ్రెంచి పీపాలకు మారారు. బర్తోలో మస్కరెల్లో అనే పాత పద్ధతి వైన్ తయారీదారు "చిన్న పీపా వద్దు, బెర్లుస్కోనీ వద్దు" అని, ఇటలీ రాజకీయ నాయకుణ్ణి కూడా కలిపి, లేబుల్ మీదే రాశాడు! ఇప్పుడు చాలామంది మధ్యేమార్గంలో ఉన్నారు. కొత్త చెక్క నుంచి వచ్చే వనిలా వాసన గులాబీని మింగేస్తుందని నా అభిప్రాయం.

జనవరి

తిండితో పరీక్షలు. గోంగూర మాంసంతో పొసగలేదు. మిరప మంటను టానిన్, ఆల్కహాల్ రెండూ రెట్టింపు చేస్తాయి. కారం తగ్గించి మిరియాలతో చేసిన మేకమాంసం ఇగురు బాగా కుదిరింది, కొవ్వు తగలగానే వగరు లొంగింది. ఇక్కడివారు వెన్నలో కలిపిన తాజరిన్ అనే సన్నటి గుడ్డు నూడుల్స్‌తోనో, బరోలోలోనే గంటల తరబడి ఉడికించిన గొడ్డుమాంసంతోనో తాగుతారు. నేలలో పెరిగే పుట్టగొడుగు లాంటి ఆల్బా తెల్ల ట్రఫుల్ ధర చూసి పక్కకు తప్పుకున్నాను.

తర్వాత ఉత్తర పీడ్‌మాంట్‌లోని గట్టినారా ఊరి వైన్. అక్కడ ఈ ద్రాక్షను స్పన్నా అంటారు, నేల అగ్నిపర్వత శిల, నిబంధన ప్రకారం నెబ్బియోలో 90 శాతం ఉంటే చాలు. లాంగే సీసా ఒకటి పక్కన పెట్టి, లేబుళ్లు కప్పేసి, మూడు సాయంత్రాల పద్ధతిలోనే చూస్తాను.