మోకాలు నొప్పి అని రాస్తే సరిపోదు

మాది పరకాల దగ్గర ఊరు, నేను ఫౌజ్‌ల ఉన్న. బీపీఈటీ (ఫౌజ్‌ల పెట్టే ఫిట్‌నెస్ పరీక్ష) ప్రాక్టీస్‌ల 9 ఫీట్ల గుంత దూకి దిగంగనే కుడి మోకాలు లోపలికి మెలిపడి టప్పుమన్నది, పొద్దుగూకే లోపల చిప్ప కనవడకుంట వాచింది. మొదటి కాగితం మీద మాత్రం మోకాలు నొప్పి అని రాసి గోళీలు, క్రేప్ బ్యాండేజ్ ఇచ్చిన్రు.

వాపు దిగినంక సీదా నడిస్తే మంచిగనే ఉండేది గానీ మెట్లు దిగినా, ఒక్కసారి పక్కకు మళ్లినా కాలు తప్పిపోయేది. తర్వాత పెద్ద డాక్టర్ సార్ మోకాలు కొంచెం వంచి, ఒక చేత్తోటి తొడ గట్టిగ పట్టుకుని ఇంకో చేత్తోటి కింది ఎముకను ముందుకు గుంజి చూసిండు. ఎడమది టక్కున ఆగింది, కుడిది ఆగలే, మెత్తగ ముందుకు వచ్చింది. దాన్ని లాక్‌మన్ టెస్ట్ అంటరు. ఎమ్మారైల ఏసీఎల్ (తొడ ఎముకను, కింది ఎముకను మోకాలు లోపల కట్టి ఉంచే లిగమెంట్) పూర్తిగ తెగింది, మెనిస్కస్ (ఆ రెండు ఎముకల నడుమ మెత్త లెక్క ఉండేది) కూడా చిరిగిందని వచ్చింది. తొడ వెనకాల కండను ఎముకకు కట్టే టెండన్ తీసి కొత్త లిగమెంట్ లెక్క వేసిన్రు.

సిక్ లీవ్ మీద హన్మకొండకు వచ్చిన. మడమ కింద టవల్ చుట్ట పెట్టి మోకాలు పూర్తిగ చాపుడు అన్నిటికంటే కష్టం, అమ్మ పక్కన కూసోని ఇంకొంచెం బిడ్డా, ఇంకొంచెం అనేది. తొడ సన్నగైపోయింది, అది మళ్ల నిండితేనే ఉర్కుడు అని ఫిజియో ఖచ్చితంగ చెప్పిండు.

అక్కడనే జవాన్ల మోకాలు దెబ్బల మీద రీసెర్చ్ చేస్తున్న ఒక డాక్టర్ మేడం నా కాగితాలు అడిగింది. ఐసీడీ-10 అంటే ఒక్కో జబ్బుకు ఒక్కో కోడ్ ఇచ్చే లిస్టు, దాంట్ల తాజాగ చిరిగిన మెనిస్కస్‌కు ఎస్83.2, ఏసీఎల్ అసొంటి లిగమెంట్‌కు ఎస్83.5, పాత దెబ్బతోటి లోపల చెడితే ఎం23, చిప్ప జబ్బులకు ఎం22, ఏం తేలకపోతే ఉత్త కీలు నొప్పి ఎం25.5. నా మొదటి కాగితం ఆ ఆఖరి దాంట్లనే పడుతది! మన ఫౌజ్‌ల మెడికల్ ఫిట్‌నెస్‌కు ఇచ్చే షేప్ క్యాటగిరీల 'ఏ' కూడా కాలుచేతులతోటి ఎంత డ్యూటీ చెయ్యగలవో చెప్తది గానీ లోపల ఏం తెగిందో చెప్పదు.

నాకు మనసుల నాటింది ఇదే. రూట్ మార్చ్‌లు చేసి చేసి చిప్ప నొప్పి వచ్చినోళ్లకు శానా మందికి రెస్ట్, తొడ ఎక్సర్‌సైజులతోటి తగ్గుతది, వాళ్లను, నన్ను ఒక్క గంపల వేసి లెక్క తీస్తే రెస్ట్ ఇస్తే చాలు అని తేలుతది, అప్పుడు ఏసీఎల్ తెగినోణ్ణి మళ్ల ఉరికిస్తరు, ఉన్న మెనిస్కస్ కూడా పోతది. అందుకే మేడం అడిగినయన్నీ చెప్పిన: ఏ కాలు, ఎవరన్న తగిలిన్రా, దిగేటప్పుడా మళ్లేటప్పుడా, ఎన్ని గంటల్ల వాచింది. గంటల్లనే వాస్తే లోపల రక్తం నిండిందేమో అని డాక్టర్లకు అనుమానం వస్తదట. హన్మకొండ జేఎన్ఎస్ గ్రౌండ్‌ల ఫౌజ్ భర్తీ ర్యాలీకి తయారయ్యే తమ్ముళ్లు కూడా డాక్టర్‌కు గివన్నీ చెప్పాలె.

ఇప్పుడు భద్రకాళి బండ్ మీద మెల్లగ ఉరుకుతున్న, దూకుడు ఇంకా వద్దన్నరు. రీక్యాట్ బోర్డు (మెడికల్ క్యాటగిరీని మళ్ల చూసే డాక్టర్ల బోర్డు) వచ్చే నెల ఉంది, ఎమ్మారై సీడీ, ఆపరేషన్ నోట్ అన్నీ ఫైల్‌ల పెట్టుకున్న.