ప్రశ్నావళి రాసేముందు

దీపాల వరుస దీపావళి అయినట్టే ప్రశ్నల వరుస ప్రశ్నావళి. అందరినీ అవే ప్రశ్నలు, అవే మాటల్లో, అదే వరుసలో అడగడమే దీని ప్రాణం. అప్పుడే ఒకరి జవాబును ఇంకొకరి జవాబు పక్కన పెట్టి లెక్క కట్టగలం. చాలామంది దీన్నే సర్వే అనేస్తారు గానీ, సర్వే అంటే ఎవరిని అడగాలో తేల్చుకోవడం నుంచి లెక్కలు తీయడం దాకా మొత్తం పని. ప్రశ్నావళి అందులో పనిముట్టు.

ఆసుపత్రికి మొదటిసారి వెళ్తే చేతికిచ్చే కాగితం, రక్తదానానికి ముందు నింపే ఫారం, జనగణన, శిక్షణ చివర ఇచ్చే ఫీడ్‌బ్యాక్ ఫారం, అన్నీ ఈ కోవలోవే. ఎదురుగా కూర్చుని మాట్లాడేటప్పుడు ప్రశ్న సరిగ్గా లేకపోతే అవతలివాళ్లు "అంటే?" అంటారు, మనం విడమరిచి చెబుతాం. కాగితానికి ఆ వీలు లేదు. ఒక్క తప్పు మాట 300 మందికీ అలాగే చేరుతుంది.

ఒక గ్రంథాలయం తన వేళలు మార్చాలా వద్దా అని తేల్చుకోవాలనుకుందాం. "మీరు తరచుగా గ్రంథాలయానికి వస్తారా?" అని అడిగితే పనికిరాదు. తరచుగా అంటే ఒకరికి రోజూ, ఇంకొకరికి నెలకు రెండుసార్లు. "ఈరోజును వదిలేసి, గడిచిన 7 రోజుల్లో ఎన్ని రోజులు వచ్చారు?" అంటే తేడా రాదు. ఈరోజును ఎందుకు వదిలేయాలంటే, ఫారం అక్కడే నింపుతున్నారు కాబట్టి సున్నా అనే జవాబే రాకుండా పోతుంది. ఇక ఎంపికలు 0, 1–2, 3–4, 5–7 అని ఉండాలి. 0–2, 2–4 అని రాస్తే రెండు రోజులు వచ్చినవాళ్లు ఏ గడిలో టిక్ పెడతారు?

ఇంత చేసినా అసలు చిక్కు మిగిలే ఉంది. కౌంటర్ దగ్గర పెట్టిన ఫారం నింపేది ఇప్పటి వేళలు కుదిరినవాళ్లే. కుదరనివాళ్లు అక్కడికి రారు కదా! 1936లో అమెరికా అధ్యక్ష ఎన్నికలకు ముందు లిటరరీ డైజెస్ట్ పత్రిక దాదాపు కోటి మందికి నమూనా బ్యాలెట్లు పంపింది. 23 లక్షలకు పైగా తిరిగొచ్చాయి. రిపబ్లికన్ అభ్యర్థి లాండన్ గెలుస్తారని ప్రకటిస్తే, ఆయన ప్రత్యర్థి రూజ్‌వెల్ట్ 48 రాష్ట్రాల్లో 46 గెలిచారు. చిరునామాలు ఎక్కువగా టెలిఫోన్, కార్ల జాబితాల నుంచి తీసుకున్నవి; అప్పట్లో అవి ఎక్కువగా కలిగినవాళ్లకే ఉండేవి. పైగా తిరిగి పంపినవాళ్లు, పంపనివాళ్లు ఒకేలా ఆలోచించేవాళ్లు కారు. అంత పెద్ద సంఖ్య కూడా ఆ లోటును పూడ్చలేకపోయింది.

తెలుగులో రాసేవాళ్లు ఒక సంగతి ప్రత్యేకంగా చూసుకోవాలి. "మందులు మానలేదు కదా?" అన్న ప్రశ్నకు "అవును" అని టిక్ పెడితే మానలేదనా, మానేశాననా? ఇద్దరు రెండు రకాలుగా చదువుతారు. "గడిచిన 7 రోజుల్లో మందు వేసుకోని రోజులెన్ని?" అని అడగండి. "మొన్న", "ఈమధ్య" లాంటి మాటలూ వద్దు. కుంగుబాటును అంచనా వేసే పీహెచ్‌క్యూ-9 చూడండి: 9 ప్రశ్నలు, ప్రతిదీ గడిచిన 2 వారాల గురించే, ఒక్కోదానికి 0 నుంచి 3 మార్కులు, మొత్తం 27. "కొన్ని రోజులు", "సగం రోజులకు పైగా" అంటూ ఎంపికలు కూడా రోజుల లెక్కలోనే ఉంటాయి. అందుకే రెండు వారాల తర్వాత మళ్లీ నింపిస్తే మార్పు తెలుస్తుంది.

"సిబ్బంది మర్యాదగా, త్వరగా పని చేశారా?" అనేది రెండు ప్రశ్నలు. మర్యాదగానే ఉన్నారు కానీ ఆలస్యం చేశారనుకోండి, ఏం రాయాలి? విడగొట్టండి.

"పూర్తిగా ఒప్పుకుంటాను" నుంచి "అసలు ఒప్పుకోను" దాకా ఉండే అయిదు మెట్ల కొలతను రెన్సిస్ లైకర్ట్ 1932లో ప్రచురించారు. దీనిలో వాక్యాలన్నీ మెచ్చుకోలుగానే ఉంటే చదవకుండా ఒకే నిలువు వరుసలో టిక్కులు పెట్టుకుంటూ పోతారు. ఒకటి రెండు వాక్యాలు తిరగేసి, అంటే తప్పుపడుతున్నట్టు రాయండి. మెట్లకు 1 నుంచి 5 మార్కులిస్తే, లెక్కలో ఆ వాక్యాల మార్కును 6లోంచి తీసేయండి; 5 కాస్తా 1 అవుతుంది. ఇది మరిచిపోతే సగటు మొత్తం తప్పుతుంది.

వయసు, ఆదాయం చివర్లో అడగడం మేలు. ఆదాయానికి అంకె అడిగేకంటే శ్రేణులు ఇస్తే ఎక్కువమంది చెబుతారు.

అచ్చు వేయించేముందు, దాన్ని తయారుచేయడంలో పాలుపంచుకోని అయిదుగురితో నింపించండి. పక్కన కూర్చుని పైకి చదవమనండి. ఎక్కడ ఆగారో, ఏ వాక్యం రెండోసారి చదివారో గుర్తు పెట్టుకోండి. "ఇందులో మిమ్మల్ని ఏం అడుగుతున్నారనుకున్నారు?" అని అడగండి, మీరు మాత్రం వివరించకండి. నాకు తెలిసి ఇంతకు మించిన పరీక్ష లేదు.

లెక్క తీసేటప్పుడు "తెలియదు", "నాకు వర్తించదు", ఖాళీ, ఈ మూడింటినీ వేర్వేరుగా ఉంచండి. 200 ఫారాలు పంచితే 140 వచ్చి, వాటిలో ఒక ప్రశ్నకు 96 మందే జవాబిస్తే, శాతం ఆ 96 మీదే తీసి, పట్టికలో దాని పక్కనే 96 అని రాయండి.