తోలుబొమ్మల బాబాయిగారు మా బడికి రావడానికి పట్టిన ఆరు నెలలు

మాది కోనసీమలో ఒక జెడ్పీ హైస్కూలు. నేను సోషల్ చెప్తాను. డ్రాయింగ్ మాస్టారు రిటైరయ్యాక ఆ పోస్టులోకి ఎవరూ రాలేదు, ఆ పీరియడ్ కాస్తా లెక్కల ఖాతాలో కలిసిపోయింది. ముందటేడు పిల్లల్ని రాజమండ్రి తీసుకెళ్లి చిత్రకారుడు దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీ చూపించాం. చూపించాం అనడం కూడా ఎక్కువే, ఇరవై నిమిషాల్లో అరవై మందీ బయటికొచ్చేసి పుల్ల ఐసుల బండి చుట్టూ మూగారు. వాళ్లని ఏమనగలం? చేత్తో ఒక్క గీత సరిగ్గా గీయనివ్వకుండా గోడ మీద బొమ్మ ముందు నిలబెట్టి "చూడండర్రా" అంటే ఏం చూస్తారు.

అందుకని కిందటేడు తిరగేశాను. ముందు కళాకారుడు బడికి రావాలి, ఆ తర్వాతే గ్యాలరీ.

కాకినాడ పక్కన మాధవపట్నంలో తోలుబొమ్మలాట కుటుంబాలున్నాయని అందరికీ తెలుసు. ఒక ఆదివారం యానాం వంతెన మీదుగా బస్సెక్కి వెళ్లాను. ఒక పెద్దాయన్ని చూపించారు. విషయం చెప్పీచెప్పకముందే "ఆయ్, ఎన్ని నిమిషాల ప్రోగ్రామండి?" అన్నారు. ప్రోగ్రాం కాదు బాబాయిగారూ, మూడు రోజుల పాఠం అన్నాను. కాసేపాగి, "అయితే ఆడించి చూపించాలా, పిల్లల చేత బొమ్మలు కోయించాలా?" అని అడిగారు. కోయించాలి అన్నాను. "కోయించాలంటే ఇద్దరం రావాలండి, మీ పిన్నిగారు కూడా" అని లోపలికి కేకేశారు. అంతే, ఆ పని పావుగంటలో అయిపోయింది. మిగతా ఆరు నెలలూ కాగితాలకే.

పాఠానికీ గ్యాలరీకీ అనుమతి అడుగుతూ రాసిన మొదటి ఉత్తరం పై ఆఫీసు నుంచి వెనక్కొచ్చింది. కారణం చెప్తే నవ్వుతారు, అందులో "విహారయాత్ర" అని రాశానట. "క్షేత్ర పర్యటన" అని మార్చాను. రెండోసారి కళాకారుడు ఏ అర్హతతో పాఠం చెప్తాడని అడిగారు. అప్పుడు 2020 జాతీయ విద్యా విధానం తీసి కూర్చున్నాను. 6 నుంచి 8 తరగతుల పిల్లలు 10 రోజులు బ్యాగు లేకుండా స్థానిక చేతివృత్తులవాళ్ల దగ్గర పని నేర్చుకోవాలని, ఊళ్లోని కళాకారుల్ని బడికి పిలిచి నేర్పించుకోవచ్చని అందులోనే ఉంది. ఆ భాగం జిరాక్సు తీసి, కింద ఎర్ర గీత గీసి జతచేశాను. ఈసారి సంతకం పడింది. మీరెవరైనా ఈ పని పెట్టుకుంటే ముందే ఆ జిరాక్సు పెట్టేయండి, రెండు నెలలు మిగులుతాయి.

డబ్బులు పూర్వ విద్యార్థులిచ్చారు, అందులో సగం ఒక కొబ్బరి వ్యాపారిదే. కానీ అవి స్కూలు ఖాతాలో పడ్డాయి కాబట్టి తీయాలంటే బిల్లు కావాలి, బిల్లు మీద జీఎస్టీ నంబరు కావాలన్నారు. బాబాయిగారికి ఆధార్ కార్డుంది, పెన్షన్ కార్డుంది, జీఎస్టీ ఎక్కణ్నుంచి తెస్తారు? వారం రోజులు నాకు ఒకటే టెన్షన్. చివరికి మా హెచ్‌ఎం గారే దారి చెప్పారు: గౌరవ వేతనం అని తీర్మానం రాసి, చేతి రసీదు మీద రెవెన్యూ స్టాంపు అంటించి సంతకం తీసుకుంటే చాలని.

ఇక ఆ మూడు రోజులు. వెదురు బుట్టలోంచి బాబాయిగారు రావణుణ్ణి తీసి కిటికీకి అడ్డంగా పట్టుకున్నారు, దాదాపు మనిషంత బొమ్మ. అప్పటిదాకా గోల చేస్తున్న ఎనిమిదో తరగతి ఒక్కసారి చప్పబడిపోయింది. మేకతోలుని పల్చగా గీకి ఆరబెడితే వెలుతురు లోపలికి దిగుతుంది, రంగు రెండువైపులా వేస్తారు, నగలు మాత్రం రంగుతో కాదు, చిన్న ఉలితో కొట్టిన చిల్లులే నగలు. దీపం వెలిగితే ఆ చిల్లులే మెరుస్తాయి.

పిల్లలందరికీ తోలు ఎక్కడ దొరుకుతుంది? చార్టు ముక్కలకి కొబ్బరినూనె రాయించారు పిన్నిగారు. నూనె పీల్చుకున్న కాగితం తోలులాగే వెలుతురు పడుతుంది. కోనసీమలో నూనెకి కరువా. ఒకమ్మ వచ్చి "ఉలి ఇస్తే మావాడు వేలు కోసుకుంటాడు టీచర్‌గారూ" అని గొడవపడింది, కాసేపటికి తనే చెక్కపలక మీద కాగితం అదిమిపట్టి కొడుకుతో చిల్లులు కొట్టించింది. వేలు ఎవరూ కోసుకోలేదు, నేను తప్ప.

రెండు వారాల తర్వాత మళ్లీ రాజమండ్రి. ఈసారి ముందే ఫోన్ చేసి, పిల్లల్ని రెండు జట్లు చేసి, ఒక జట్టుని రాళ్లబండి సుబ్బారావు మ్యూజియంకి పంపాం. గ్యాలరీలో నేను పెద్దగా ఏం చెప్పలేదు. దామెర్ల 1897లో ఇక్కడే పుట్టాడని, ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ కూల్డ్రే దొర అతని చెయ్యి గమనించి బొంబాయి జేజే ఆర్ట్ స్కూలు దారి పట్టించాడని, 1925లో మశూచికంతో పోయేనాటికి 28 కూడా నిండలేదని, అంతే. ఒక పిల్ల దామెర్ల గీసిన 'పుష్పాలంకరణ' బొమ్మ ముందు నిలబడి, ఆ ఆడవాళ్ల చేతుల మీది వెలుగుని అటూ ఇటూ చూసి, "దీపం ఎటుపక్క పెట్టాడు టీచర్?" అంది. నాకు వెంటనే జవాబు తట్టలేదు. నలుగురు చేరి అటని ఒకరు, ఇటని ఒకరు వాదులాడుకున్నారు. గంటన్నర అయినా ఐసుల బండి గుర్తుకు రాలేదు, మేమే బస్సు టైమయిందని లాక్కొచ్చాం.

మొన్న పంద్రాగస్టు ముందు స్టాఫ్ మీటింగులో "ఆ తోలుబొమ్మల ఆయన్ని పిలవండమ్మా, స్టేజి మీద పది నిమిషాలు" అన్నారు. ఫోన్ చేశాను. బాబాయిగారు నవ్వి, "పది నిమిషాలు బొమ్మల్ని బుట్టలోంచి తియ్యడానికే సరిపోవండి టీచర్‌గారూ" అన్నారు. పంద్రాగస్టుకి వద్దులెండి, నవంబరులో మూడు రోజులు ఖాళీ పెట్టుకోండి అని చెప్పాను. తీర్మానం కాగితం ఈసారి ఇప్పుడే రాసిపెట్టాను.