నరం అనే ఒక్క మాట

ఉదయం మంచం దిగి అడుగు వేశాను. ఎడమ పాదం ముందుభాగం పైకి లేవలేదు. వేళ్లు నేలకు రాసుకుంటూ ఈడ్చుకొచ్చాయి. నొప్పి లేదు, పాదం పైభాగం మాత్రం మొద్దుబారింది.

"నరం పట్టేసింది, రక్తం ఆడటం లేదు" అన్నారు ఇంట్లో. నేనూ నమ్మాను. రక్తం తీయడానికి సూది గుచ్చేది నరానికే, నడుము నుంచి కాలిదాకా లాగేదీ నరమే అని కదా మన వాడుక! మర్దనతో మూడు రోజులు గడిపాను. ఆ మూడు రోజులు తలుచుకుంటే ఇప్పటికీ బాధే.

న్యూరాలజిస్టు ముందుగా పాదం మీద నాడి చూశారు. చక్కగా కొట్టుకుంటోంది, అంటే ధమనిలో రక్తానికి లోటు లేదు. సాయంత్రానికి చీలమండ వాస్తోందంటే రక్తప్రవాహాన్ని చూపే డాప్లర్ స్కాన్ చేయించారు. రక్తాన్ని గుండెకు తిరిగి చేర్చే సిరల్లో రక్తపు గడ్డ లేదు. పిక్క కండరం పిండితేనే సిరల్లోని రక్తం పైకి ఎక్కుతుందట, కిందికి జారకుండా లోపలి కవాటాలు ఆపుతాయట. నేను భయంతో నడక మానేసి కాలు వేలాడేసుకుని కూర్చున్నాను. వాపు అందుకే.

తరువాత మోకాలి బయటివైపు, ఎముక బుడిపెకు కాస్త కింద వేలితో తట్టారు. పాదం దాకా జివ్వుమంది. "మీ ఇబ్బంది ఇక్కడుంది" అన్నారు. ఈ నరం రక్తం మోసేది కాదు, మెదడు ఆజ్ఞలు మోసేది. తొడ వెనక దిగే పెద్ద నరం మోకాలి దగ్గరకొచ్చేసరికి రెండు పాయలవుతుంది. ఒక పాయ మోకాలి కింద బయటివైపుండే సన్నని ఫిబ్యులా ఎముక మెడను చుట్టుకుని ముందుకొస్తుంది. పాదాన్ని పైకెత్తే కండరాలకు ఆజ్ఞ దాని గుండానే అందాలి. అంత ముఖ్యమైన నరానికి అక్కడ చర్మం, పలుచని కొవ్వు తప్ప అడ్డు లేదు. జ్వరాలతో నేను బాగా చిక్కిపోవడంతో ఆ కొవ్వూ కరిగింది. ముందురోజు గంటల తరబడి కాలు మీద కాలు వేసుకుని పనిచేశాను, ఆ ఒత్తిడికే నరం నలిగింది.

రెండు వారాలాగి నరాల పరీక్ష చేశారు. బుడిపెకు కింద కరెంటు ఇస్తే కండరం బాగా స్పందించింది. పైన ఇస్తే స్పందన సగానికి పడిపోయింది. నరంలోని తంతువులు చాలావరకు తెగలేదని, వాటి మీద ఉండే మైలిన్ అనే తొడుగు నలిగిందని వివరించారు. తొడుగు కొన్ని వారాల్లో తిరిగి ఏర్పడుతుంది. తంతువే తెగితే రోజుకు సుమారు 1 మిల్లీమీటరు చొప్పున పెరిగి రావాలి. ఆ తేడా విన్నాక ఆ రాత్రి నిద్రపట్టింది.

పాదం వాలిపోకుండా పట్టీ కట్టుకున్నాను, పూటపూటా వ్యాయామం చేశాను. ఎంత మనసు పెట్టి ఆజ్ఞాపించినా వేళ్లు కదిలేవి కావు. మన కాలే మన మాట వినకపోవడం ఎంత దిగులో చెప్పలేను. 5వ వారంలో ఒక మధ్యాహ్నం బొటనవేలు సన్నగా వణికింది. ఇంట్లో అందరినీ పిలిచి చూపించాను. 3 నెలలకు మడమల మీద నడవగలిగాను.

పాదం మీద గోరంత చోటు మాత్రం ఇంకా మొద్దుగానే ఉంది. రోజూ స్నానం చేశాక తడిమి చూసుకుంటాను.